మావయ్య రాడ్‌కి కొత్త టిప్ దొరికిన చోటు: జగన్నాథపురం వలల దుకాణం

మా మావయ్య 1996లో కువైట్ నుంచి వస్తూ తెచ్చుకున్న గాలం రాడ్ ఇది. తొమ్మిది అడుగుల పొడవు, రెండు ముక్కలు, ఫైబర్‌గ్లాస్. మీద కంపెనీ పేరు ఎప్పుడో అరిగిపోయింది. అంతర్వేదిలో గోదావరి సముద్రంలో కలిసే చోట నిలబడి ఆయన దీంతోనే పండుగప్పలు పట్టేవారు. ఆయన పోయాక అత్తయ్య దీన్ని గుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది.

పోయిన డిసెంబరులో మంచి చేప పడింది. ఒడ్డుకి లాగుతుండగా తంగూసు పుటుక్కున తెగింది. వారం తర్వాత మళ్లీ అంతే. తెగిన చోట వేలితో తడిమితే గరుగ్గా, ఆకురాయి పెట్టి గీరినట్టు ఉంది. అప్పుడు రాడ్ కొసన ఉండే టిప్‌ని, అంటే కొసకి తొడిగే చిన్న గొట్టం, దానికి తంగూసు దూరే రింగు ఉన్న ముక్కని, వెలుతురుకి పెట్టి చూశాను. లోపల ఉండాల్సిన పింగాణీ రింగు రాలిపోయింది. తంగూసు ఒట్టి లోహపు అంచు మీద రాసుకుంటోంది.

ఆ చిన్న ముక్క కోసం రెండు నెలలు తిరిగాను. ఆటసామాన్ల షాపులో అడిగితే "పార్టులు రావండీ, కొత్తది తీసుకోండి" అన్నారు. ఆన్‌లైన్‌లో 30 టిప్‌ల డబ్బా 450 రూపాయలకి తెప్పించాను. ఒక్కటీ సరిపోలేదు. సరిపోయేలా కనిపించినదాన్ని గోరుతో నొక్కితే రింగు ఊడి కింద పడింది. డబ్బా మీద గొట్టం కొలత ఎక్కడా రాయలేదు.

చివరికి యానాం - ఎదుర్లంక వంతెన దగ్గర గాలం వేసే ఒకాయన చెబితే కాకినాడ వెళ్లాను. జగన్నాథపురంలో కుంభాభిషేకం రేవు వైపు పోయే దారిలో ఉంది దుకాణం. ముందంతా వలలు, తాళ్లు, బెండ్లు, సీసం గుళ్లు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది బోట్లవాళ్లే. రాడ్ సామాను మాత్రం వెనక అరలో నాలుగు బిస్కెట్ డబ్బాల్లో ఉంటుంది. ఆ డబ్బాలు చూసుకునే పెద్దాయన్ని అందరూ బాబాయ్ అంటారు, నేనూ అలాగే పిలిచాను.

"కంపెనీ పేరు చెరిగిపోయింది బాబాయ్, దీనికి పార్టు దొరుకుతుందా?" అన్నాను.

"పేరుతో పనేముంది బాబూ, కొలత చాలు" అన్నారు.

ఈ ఒక్క మాట నాకు డిసెంబరులోనే ఎవరైనా చెప్పుంటే బాగుండేది. టిప్‌లు రాడ్ మోడల్‌ని బట్టి ఉండవు. రాడ్ కొస ఎంత లావుందో చూసి, దానికి పట్టే గొట్టం ఉన్న టిప్ తీసుకోవాలి. ఆ సైజుని అంగుళంలో 64వ వంతుల లెక్కన చెబుతారు. 5 నంబరు అంటే 64లో 5 వంతులు, దాదాపు 2 మిల్లీమీటర్లు. 6 నంబరు దాదాపు 2.4. బాబాయ్ లావు కొలిచే వెర్నియర్ పెట్టి చూస్తే నా రాడ్ కొస 2.3 వచ్చింది, అంటే 6 నంబరు. కొస విరిగితే అంగుళం కోసేసినా లావు మారిపోతుంది కాబట్టి, పాత టిప్ సైజు చెప్పి కొత్తది కొనకూడదట.

టిప్ ఇచ్చి పంపించేస్తారనుకున్నాను. ఆయన చిన్న దూది ముక్క తీసుకుని, రాడ్ పొడవునా తంగూసు దూరి వెళ్లే గైడ్లలో ఒక్కో రింగులోంచి మెల్లగా లాగడం మొదలుపెట్టారు. మూడు గైడ్లలో దూది నున్నగా జారిపోయింది. నాలుగోదాంట్లో తెల్లటి పోగు ఒకటి రింగుకి పట్టుకుని ఆగిపోయింది. కంటికి కనిపించని పగులు అక్కడుంది. టిప్ ఒక్కటే మార్చుకుని వెళ్లుంటే తంగూసు మళ్లీ తెగేది. ఆ గైడ్ కాలుని రాడ్‌కి బిగించి చుట్టిన దారం విప్పితే కింద తుప్పు కూడా ఉంది. ఉప్పునీళ్లలో వాడి మంచినీళ్లతో కడక్కపోతే ఇలాగే అవుతుందన్నారు.

టిప్‌ని అక్కడే బిగించారు. పాతదాన్ని లైటరుతో కాస్త వేడిచేసి లాగేశారు. కొత్తదాన్ని జిగురు కడ్డీ కరిగించి అతికించారు. ఫెవిక్విక్ లాంటిది ఎందుకు వాడలేదని అడిగితే, వేడికి కరిగే జిగురైతే మళ్లీ మార్చాల్సినప్పుడు కొస దెబ్బతినకుండా ఊడివస్తుందన్నారు. జిగురు వెచ్చగా ఉండగానే రాడ్‌ని తుపాకీ గురి చూసినట్టు కంటి దగ్గర పెట్టుకుని, టిప్‌ని గైడ్ల వరసలోకి తిప్పారు.

గైడ్‌కి దారం చుట్టడం ఇంట్లో నేనే చేశాను, ఎలాగో ఆయనే చూపించారు. కొత్త గైడ్ కాలి కొసని ఆకురాయితో పలచగా అరగదీయాలి, లేకపోతే దారం దాని మీదకి ఎక్కదు. చుట్టు పక్కన చుట్టు బిగువుగా పడాలి. పైన రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ జిగురు పూశాక, అది గట్టిపడేదాకా రాడ్‌ని తిప్పుతూ ఉండాలి, లేకపోతే కిందికి జారి బొట్టులా గడ్డకడుతుంది. రాత్రి భోజనాలయ్యాక నేనూ మా అబ్బాయీ వంతులు వేసుకుని తిప్పాం.

టిప్ 80 రూపాయలు, గైడ్ 110, దారం 40. బిగించినందుకు ఏమీ తీసుకోలేదు, బలవంతంగా టీ తాగించాను.

లోటు కూడా చెప్పాలి. రీలు బిగించే సీటు ఆయన దగ్గర లేదు. నా రాడ్‌ది వదులైంది, తెప్పిస్తానని మూడు వారాలు తిప్పి చివరికి దొరకలేదన్నారు. ఆ మాట ముందే చెప్పుంటే ఒక ప్రయాణం తగ్గేది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ చివరి రోజుల్లో మాత్రం వెళ్లొద్దు. బోట్లవాళ్లంతా వలల కోసం అక్కడే ఉంటారు, బాబాయ్‌కి తలెత్తే తీరిక ఉండదు.

వెళ్తే రాడ్ రెండు ముక్కలూ పట్టుకెళ్లండి. పై ముక్క ఒక్కటే తీసుకెళ్తే కింది గైడ్లకి దూది పరీక్ష చేయలేరు, వరసా చూడలేరు.