రాత్రిపూట చూసిన మూడు ఊళ్లు

హైదరాబాదులో 32 ఏళ్లు ఉద్యోగం చేసి రెండేళ్ల క్రితం పదవీ విరమణ పొందాక, మిగిలిన కాలం ఏ ఊళ్లో గడపాలన్న చర్చ మా ఇంట్లో చాన్నాళ్లు అద్దెలు, వాతావరణం, గుళ్ల చుట్టూనే తిరిగింది. నిరుడు వానాకాలంలో ఒక సాయంత్రం నాకు ఛాతీలో నొప్పి వచ్చింది. కూకట్‌పల్లిలోని మా ఇంటి నుంచి ఏడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆసుపత్రికి చేరడానికి యాభై నిమిషాలు పట్టింది. అది గుండెపోటు కాదని, అజీర్తి అని తేలింది కానీ, ఆ యాభై నిమిషాలూ కారులో నా చెయ్యి పట్టుకుని కూర్చున్న మా ఆవిడ మర్నాడు ఒక మాట అడిగింది: "ఎంత పేరున్న ఆసుపత్రులైతే ఏం లాభమండీ, గుమ్మం దాకా చేరలేనప్పుడు?" దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

గుండె రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిన రోగికి ఆసుపత్రిలో అడుగుపెట్టిన 90 నిమిషాల లోపల దాన్ని తెరిచే యాంజియోప్లాస్టీ జరగాలని, మెదడులో రక్తం గడ్డకట్టి పక్షవాతం వస్తే ఆ గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలని వైద్యులు చెబుతారు. అందుకని ఈ జనవరిలో విశాఖపట్నం, తిరుపతి, కోయంబత్తూరు చూడడానికి బయలుదేరినప్పుడు మాకు మేమే ఒక పద్ధతి పెట్టుకున్నాం. ప్రతి ఊళ్లోనూ మేము అద్దెకు ఉండగలిగిన ఒక వీధిని ఎంచుకోవాలి, రాత్రి పదకొండు దాటాక అక్కడి నుంచి ఆటోలో ఆసుపత్రి అత్యవసర విభాగం దాకా వెళ్లి గడియారం చూసుకోవాలి, గుండె వైద్యుడు ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉన్నారా లేక ఫోను చేస్తే ఇంటి నుంచి వస్తారా అని అడిగి తెలుసుకోవాలి. రోగి ఎవరూ లేకుండా క్యాజువాల్టీ ముందు దిగిన మమ్మల్ని ఆటో డ్రైవర్లు వింతగానే చూశారు.

విశాఖలో మొదటి రెండు రాత్రులు రామకృష్ణా బీచ్ దగ్గర ఒక హోటల్లో ఉన్నాం. కిటికీలోంచి సముద్రం బాగా కనిపించింది కానీ, స్నానాలగది నేల గాజులా నున్నగా ఉండడంతో మోకాళ్ల నొప్పులున్న మా ఆవిడ గోడ పట్టుకునే లోపలికి వెళ్లవలసి వచ్చింది. తర్వాతి మూడు రాత్రులు ఎం.వి.పి. కాలనీలో ఒక ఇంటి మొదటి అంతస్తును రోజువారీ అద్దెకు తీసుకున్నాం. అక్కడి నుంచి ప్రైవేటు ఆసుపత్రులు ఒకేచోట ఉన్న ఆరిలోవ హెల్త్ సిటీకి రాత్రి పదకొండుంబావుకు పన్నెండు నిమిషాల్లో చేరాం, 1923 నుంచి ఉత్తరాంధ్రకు పెద్ద దిక్కుగా ఉన్న కింగ్ జార్జి ఆసుపత్రికి మరో రాత్రి పదిహేను నిమిషాలు పట్టింది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు విసుక్కోకుండా, గుండె వైద్యులు ఇరవై నిమిషాల దూరంలో ఉంటారని, క్యాథ్‌ల్యాబ్ (యాంజియోప్లాస్టీ చేసే గది) సిబ్బంది మాత్రం రాత్రంతా అక్కడే ఉంటారని చెప్పారు. ఇంకో చోట స్ట్రెచర్ దిగే వాలుబాట మీద మోటారుసైకిళ్లు నిలిపి ఉన్నాయి, కౌంటరులోని మనిషి మా ప్రశ్న వినకముందే బీమా కార్డు అడిగాడు. రెండూ ఒకే ఊరివే కాబట్టి, ఊరిని చూసి కాక గుమ్మాన్ని చూసి నిర్ణయించుకోవాలని అప్పుడే అర్థమైంది.

విశాఖ గురించి ఎవరిని అడిగినా హుద్‌హుద్ ప్రస్తావన రాకుండా మాట ముగియదు. 2014 అక్టోబరు 12న తుపాను తీరం దాటిన తర్వాత కరెంటు లేని రోజుల్లో, అయిదో అంతస్తులో ఉన్న తన తల్లిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మెట్ల మీదుగా కిందికి దించిన సంగతి మా ఇంటి యజమాని చెప్పారు. ఆ మాట విన్నాక మేము చూసిన ప్రతి అపార్టుమెంటులోనూ జనరేటరు లిఫ్టుకు పనిచేస్తుందా, ఎన్ని గంటలు పనిచేస్తుంది అని అడిగాం. అయిదు చోట్ల మూడింటిలో అది మెట్ల దీపాలకూ నీళ్ల మోటారుకూ మాత్రమేనట. ఇక 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ అనే విషవాయువు నిద్రలో ఉన్నవాళ్ల మీద పడిన ఊరు కూడా ఇదే. అందువల్ల ఫ్యాక్టరీలకు దగ్గరగా ఉన్న గోపాలపట్నం, గాజువాక, పరవాడ వైపు ఇళ్లు చవకగా దొరుకుతున్నా ఆ వైపు చూడలేదు. బొగ్గు ధూళి కారణంగా ఓడరేవుకు దగ్గరగా ఉన్న పాత నగర భాగాన్ని కూడా వదులుకున్నాం. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి దూరమే అయినా, ఆ జబ్బుకు వెళ్లేది అర్ధరాత్రి పరుగు మీద కాదు కాబట్టి ఆ దూరాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

తిరుపతి మీద మా ఆవిడకు ముందు నుంచీ మనసు. స్విమ్స్, రుయా, ఎముకల వైద్యానికి పేరున్న బర్డ్, మూడు ఆసుపత్రులూ అలిపిరి రోడ్డు వైపు దగ్గర దగ్గరగా ఉండడం ఆ పరిమాణం ఊళ్లకు అరుదైన అదృష్టం, మేము ఉన్న వీధి నుంచి ఎనిమిది నిమిషాల్లో చేరిపోయాం. కానీ ఆ ఊరు యాత్రికులది, అక్కడ కాపురమున్నవాళ్లు పర్వదినాల్లో తమ వీధిలోకి తామే చుట్టుదారిన రావాలి. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. అంత జనం మధ్య అంబులెన్సుకు దారి ఎలా దొరుకుతుందని అడిగితే, మాకు గది ఇచ్చిన పెద్దాయన "ఆ రోజుల్లో మేం కాళహస్తిలో మా తమ్ముడింటికి పోతామండీ" అన్నారు. వేసవి ఎండ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

తిరుపతి నుంచి శబరి ఎక్స్‌ప్రెస్‌లో కోయంబత్తూరు వెళ్లాం. పాలక్కాడు కనుమ మీదుగా వచ్చే గాలి, సిరువాణి నది నీళ్లు, వృద్ధుల కోసం ప్రత్యేకంగా కట్టిన కాలనీలు ఈ ఊరికి దేశమంతా పేరు తెచ్చాయి. ఊరికి పడమట వడవళ్లి దాటాక ఉన్న అలాంటి ఒక కాలనీలో, కొనబోయేవారి కోసం ఉంచిన అతిథి గదిలో నాలుగు రోజులు ఉన్నాం. గడపలు లేని తలుపులు, గరుకు నేల, స్నానాలగదిలో పట్టుకోవడానికి కమ్మీలు, లాగితే నర్సు గదిలో గంట మోగే తాడు అన్నీ ఉన్నాయి. రెండో రాత్రి ఒంటిగంటకు ఆ తాడు లాగి చూశాను. నర్సు అయిదు నిమిషాల లోపే వచ్చింది, అబద్ధపు పిలుపు అని తెలిసినా కోపగించుకోక రక్తపోటు చూసి వెళ్లింది. భోజనశాలలో పప్పు, రసం బాగున్నాయి, కారం మాత్రం మన నాలుకకు ఆనదు.

చిక్కు దూరంతో వచ్చింది. గుండెకూ మెదడుకూ పేరున్న పెద్ద ఆసుపత్రులు ఎక్కువగా ఊరికి అవతల అవినాశి రోడ్డు మీద ఉన్నాయి. పారిశ్రామికవేత్త జి.డి. నాయుడు పేరుతో 2025 అక్టోబరులో ప్రారంభమైన పది కిలోమీటర్ల వంతెన ఆ రోడ్డును తేలిక చేసింది కానీ, వంతెన దాకా చేరాలంటే ఊరంతా దాటాలి. రాత్రి మాకు ముప్పై నిమిషాలు పట్టింది, సాయంత్రం ఆరింటికి అదే దారి గంటకు పైగా తీసుకుంది. పడమటి కనుమల పాదంలో ఉన్న కాలనీ కావడంతో కొన్ని రాత్రులు ఏనుగులు కంచె దాకా వస్తాయని, చీకటి పడ్డాక గేటు దాటవద్దని కాపలాదారు హెచ్చరించాడు.

భాష గురించి నేను భయపడినంత ఇబ్బంది కలగలేదు. కోయంబత్తూరు ప్రాంతంలో తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి, వంతెనకు పేరు పెట్టిన ఆ నాయుడుగారిదీ అలాంటి కుటుంబమే. అయితే వాళ్ల తెలుగు వేరు. తల తిరుగుతోందని, అరికాళ్లు తిమ్మిరెక్కాయని, గుండెల్లో పట్టేసినట్టుందని చెప్పే మాటల్లో తేడాను నర్సు పట్టుకోగలగడం వైద్యంలో చిన్న విషయం కాదు. మా ఆవిడ ఇంగ్లీషులో "పెయిన్" అన్న ఒక్క మాటతో ఈ మూడింటినీ చెబుతుంది.

బీమా సంగతి ఊరు మారేవాళ్లు ముందే చూసుకోవాలి. కొత్త పాలసీ కొనడానికి ఉన్న 65 ఏళ్ల వయోపరిమితి 2024లో పోయింది, ముందు నుంచీ ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం కూడా మూడేళ్లకు మించకూడదు. 70 నిండినవారికి ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు రక్షణ ఉంది, నాకు ఆ వయసు రావడానికి ఇంకా ఎనిమిదేళ్లుంది. కొన్ని పాలసీలు ఊళ్లను ఖర్చును బట్టి జోన్లుగా విభజించి, చిన్న ఊరి ప్రీమియం కట్టి పెద్ద నగరంలో చికిత్స చేయించుకుంటే బిల్లులో కొంత భాగం మన మీదే వేస్తాయి. విశాఖకు మారి, పెద్ద శస్త్రచికిత్సకు హైదరాబాదు రావాలనుకునే మాలాంటివారు ఆ షరతును భూతద్దం పెట్టి చదవాలి.

చివరికి కోయంబత్తూరు గది నచ్చింది, తిరుపతి ఆసుపత్రుల దగ్గరితనం నచ్చింది, విశాఖలో మాత్రం రాత్రి ప్రయాణం, తెలుగు మాట, నడవడానికి చదునైన వీధి ఒకేచోట దొరికాయి. కొనడం మాట ఇప్పుడే ఎత్తదలచుకోలేదు. జూన్ నుంచి 11 నెలలకు ఎం.వి.పి. కాలనీలో మొదటి అంతస్తు ఇల్లు మాట్లాడుకున్నాం, తుపానుల నెలలు ఆ గడువులోనే వస్తాయి. మా ఆవిడ ఇప్పటికీ ఆ తాడు గురించే మాట్లాడుతోంది. అందుకని అద్దె ఒప్పందంలో ఒక వాక్యం అదనంగా రాయించాను: స్నానాలగది గోడలకు రంధ్రాలు వేసి కమ్మీలు, కింది వాటాలో మోగే గంట బిగించుకోవడానికి యజమానికి అభ్యంతరం లేదు.