డిప్రెషన్‌కి ప్రోబయోటిక్: ఏడాది పైగా వాడాక

డాక్టరు గారు రాసిన డిప్రెషన్ మాత్ర ఎస్సిటాలోప్రామ్ మానకుండా, దాంతోపాటే ఏడాదికి పైగా ప్రోబయోటిక్ క్యాప్సూల్, అంటే మేలు చేసే బతికున్న బ్యాక్టీరియా ఉండే క్యాప్సూల్, వాడాను. పొట్ట శుభ్రంగా బాగుపడింది. దిగులు సంగతే అంత తేలిగ్గా తేలదు.

నాది లాక్టోబాసిల్లస్ హెల్వెటికస్, బిఫిడోబాక్టీరియం లాంగమ్ అనే రెండు బ్యాక్టీరియాలు కలిసిన రకం. కొనేటప్పుడు డబ్బా మీద ఎన్ని వందల కోట్ల బ్యాక్టీరియా అని రాశారో కాదు, ఆర్0052, ఆర్0175 అని స్ట్రెయిన్ (ఒకే బ్యాక్టీరియాలోని ఉపరకం) నంబర్లు ఉన్నాయా లేదా చూసుకోండి. గవర్నర్‌పేటలో ఒక మందుల షాపులో అడిగితే విరేచనాలకిచ్చే పొడి చేతిలో పెట్టి, "అన్నీ ఒకటేనండీ" అన్నాడు. కాదు. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సి వచ్చింది. మే నెల బెజవాడ ఎండకి కొరియర్ వ్యానులో ఉడికాక అందులో బతికున్నవెన్నో దేవుడికెరుక! అందుకే వేసవికి సరిపడా ఫిబ్రవరిలోనే తెప్పించి ఫ్రిజ్‌లో పెట్టేదాన్ని.

మొదట్లో ఉబ్బరం, గ్యాసు. అవి సర్దుకున్నాక, డిప్రెషన్‌తోపాటే వచ్చిన మలబద్ధకం వదిలింది. ఆకలి పుట్టింది. రెండు ముద్దలకే కంచం పక్కకి నెట్టేసేదాన్ని, గోంగూర పచ్చడి మారు వడ్డించుకున్నాను. ఆ పూట మా అత్తయ్య మొహం చూడాలి. కానీ పొద్దున లేవగానే గుండెల మీద ఉండే బరువు మాత్రం మాత్ర డోసు పెంచి, కౌన్సెలింగ్‌కి వెళ్ళడం మొదలుపెట్టాకే తగ్గింది. అందులో క్యాప్సూల్ వాటా ఎంతో విడదీసి చెప్పడం నావల్ల కాదు.

మూడ్‌తో సంబంధమున్న సెరటోనిన్ అనే రసాయనం 90 శాతం పేగుల్లోనే తయారవుతుందని ప్రకటనల్లో ఊదరగొడతారు. నిజమే, కానీ ఆ సెరటోనిన్ మెదడులోకి వెళ్ళదు. పేగుకీ మెదడుకీ కబుర్లు నడిచేది మెదడు నుంచి పొట్టదాకా వెళ్ళే వేగస్ నరం లాంటి వేరే దారుల్లో. నేను వాడిన ఈ జంటనే న్యూజిలాండ్‌లో డిప్రెషన్ మందులు వాడని వాళ్ళకి 8 వారాలిచ్చి చూశారు. 2017లో వచ్చిన ఆ ఫలితాల్లో డమ్మీ మాత్రకీ దీనికీ తేడా లేదు. ఇరాన్‌లో మాత్రం మందులు వాడుతున్నవాళ్ళకి అదనంగా ఇస్తే గుణం కనబడింది. కాబట్టి మాత్ర మానేసి దీని మీద ఆధారపడదామనే ఆలోచన ఉంటే ఇక్కడే ఆపేయండి.

ఖరీదు ఎక్కువే. "అంత పోసి కొనే బదులు గడ్డపెరుగు తినొచ్చుగా" అని అత్తయ్య గోల. పెరుగులో ఈ రకాలే ఉంటాయన్న హామీ లేదు గానీ, క్యాప్సూల్ ఆపి పెరుగన్నానికి మారాక కూడా నా పొట్ట బాగానే ఉంది.

పొట్టకి నాలుగు నక్షత్రాలు, దిగులుకి రెండు. కీమో తీసుకుంటున్నవాళ్ళు, ఇమ్యూనిటీ బాగా పడిపోయినవాళ్ళు డాక్టరుని అడక్కుండా దీన్ని మొదలుపెట్టొద్దు.