లక్నవరం పోతే బోటెక్కి అటే తిరిగి రాకండి, గూడెంల అన్నం తిని రండి

పోయిన ఆదివారం హన్మకొండ నుంచి ఒక ట్రావెల్స్ వాళ్ల ఒక్కరోజు ప్యాకేజీల పోయినం, నేను, మా అక్క, అక్క పిల్లలిద్దరు. పొద్దుగాల లక్నవరం చెరువు, మధ్యాహ్నం దగ్గర్ల ఒక కోయగూడెంల భోజనం, సాయంత్రం రామప్ప. మనిషికి 1600.

చెరువు సంగతి అందరికి ఎరుకే. కాకతీయుల కాలంల మూడు సన్నటి లోయలకు అడ్డం చిన్న చిన్న కట్టలు పోసి మిగతాది గుట్టలకే వదిలేసిన్రు, అందుకే అడవిల నీళ్లు వాటంతటవే నిలిచినట్టు అనిపిస్తది, నడుమ 13 దీవులు. వేలాడే వంతెన మీద ఎండ ఎక్కకముందే నడవండి, తర్వాత జాతరే. బోటు బాగనే ఉన్నది, లైఫ్ జాకెట్ అడిగి మరీ వేసుకోండి.

అసలు రాయాలనుకున్నది గూడెం గురించి. మాకు దారి చూపినోడు కోయ పిల్లగాడు, డిగ్రీ చదువుతున్నడు, చెట్టు చెట్టుకు ఆగి చెప్పుకుంట తీస్కపోయిండు, ఇప్పపువ్వు ఎండకాలం మొదట్ల రాత్రిపూట రాలుతదట, తెల్లారకముందే పోయి ఏరుకొస్తరట. వాళ్ల అవ్వ మా చిన్నోన్ని చూసి "ఏరు" అన్నది, వాడు వాగు ఎక్కడున్నదని అటు ఇటు చూసిండు, ఆమె చెంబు అందించింది. కోయ భాషల ఏరు అంటే నీళ్లట! మనం వాగును పిలిచే మాటతోని వాళ్లు నీళ్లు అడుగుతరు, ఇన్నేండ్లు ఇంత దగ్గర్ల ఉండి నాకీ ముక్క తెల్వదు.

భోజనం మోదుగాకు విస్తర్ల పెట్టిన్రు. జొన్నరొట్టె, నాటుకోడి పులుసు, వెదురుకొమ్ముల కూర, చివర ఇప్పపువ్వు లడ్డు. వెదురుకొమ్ముల కూర కొద్దిగ పుల్లగ, నమిలితే కరకర, మా అక్క మల్లా మల్లా పెట్టించుకున్నది. కారం ఎక్కువే, పిల్లలున్నోళ్లు ముందే చెప్పండి.

ఇగ బాధ అనిపించిన సంగతి. తినంగనే ప్యాకేజీ మనిషి గూడెం ఆడోళ్లను వరసగ నిలబెట్టి ఫోటోలు దిగుండ్రి అని మమ్మల్ని పిలిచిండు, డోలి అనే వాళ్ల డోలు కొట్టి ఆడుమని ఒక తాతను అడిగిండు. తాత తల అడ్డంగ ఊపిండు. డోలి వేల్పుల కోసం కొట్టేది, వాళ్ల వంశాల కథలు, సమ్మక్క సారలమ్మ కథ దానిమీదనే పాడుతరు, అన్నం తిన్నోళ్లకు కాలక్షేపం కోసం కొట్టేది కాదని ఆ పిల్లగాడు మెల్లగ చెప్పిండు. నాకైతే తల ఎత్త బుద్ధి కాలే. రెండేండ్లకోసారి మాఘమాసంల మేడారం పోయి నిలువెత్తు బంగారం అని బెల్లం తూకమేసి మొక్కుతం కదా, ఆ గద్దెల కాడ పూజ చేసేది కోయ పూజారులే కదా, మరి వాళ్ల ఇంటి ముంగట నిలబడి అడగకుండ ఫోన్ ఎట్ల లేపుతం?

ఇంకోటి. వంట చేసిన అక్కను అడిగితే విస్తరికి 120 ఇస్తరన్నది. 1600ల 120! నాటుకోడి వాళ్లదే, కట్టెలు వాళ్లయే, పొద్దుగాల లేచి రొట్టెలు కొట్టిన చేతులు వాళ్లయే.

రామప్పకు చీకటి పడే ముంగట చేర్చిన్రు, 2021ల యునెస్కో గుర్తింపు వచ్చిన గుడిని అర్ధగంటల చూసుడు ఎట్లయితది, దానికి ఇంకోరోజు పెట్టుకోవాలె.

భోజనానికి, ఆ పిల్లగానికి 5 కు 5. ప్యాకేజీకి 2. నా మాట వింటే సొంతంగ బండి మీద పోండి, రెండు రోజుల ముందు గూడెంల ఎవరినన్న మాట్లాడుకొని పైసలు వాళ్ల చేతులనే పెట్టండి, ఫోటోకు ముందు అడగండి. ఏప్రిల్, మే నెలల్ల పొద్దుగాల పోకండి, తునికాకు తెంపుడుకు పోతరు, ఇండ్లల్ల ఎవ్వరు దొరకరు. లడ్డూలు మాత్రం అవ్వ దగ్గర ఒక కిలో తెచ్చుకున్నం, బుధవారానికే డబ్బ ఖాళీ.