బాటిల్ జాకీయా, గాలి జాకీయా? లారీకి ఏది మేలు?

మిర్యాలగూడ మిల్లులకు వడ్లు తోలేవాళ్లు, వాడపల్లి నుంచి సిమెంటు తోలేవాళ్లు కొత్త జాకీ కొనే ముందు ఇదే అడుగుతుంటారు: చేత్తో రాడ్ కొట్టి ఎత్తే సీసా ఆకారపు బాటిల్ జాకీతోనే సరిపెట్టుకోవాలా, కంప్రెసర్ గాలితో లోపలి ఆయిల్ పంపు నడిచే గాలి జాకీకి మారాలా? చాలామంది చూసేది దాని మీద రాసి ఉన్న టన్నులు. నేను ముందు జాకీ అడుగు భాగం ఎంత వెడల్పుందో చూస్తాను.

లెక్క వేయండి. 2018లో కేంద్రం పెంచిన పరిమితి ప్రకారం నాలుగు టైర్ల వెనక ఇరుసు మీద 11.5 టన్నుల దాకా బరువు ఉండొచ్చు. ఒక పక్క ఎత్తితే సుమారు సగం, అంటే ఐదున్నర టన్నుల పైనే, జాకీ మీదికి వస్తుంది. దాని అడుగు 15 సెంటీమీటర్ల చదరం అనుకుంటే చదరపు సెంటీమీటరుకు 25 కిలోలు పడుతుంది. అదే టైరు నేల మీద పెట్టే ఒత్తిడి, దానిలో మనం కొట్టించే 120 పాయింట్ల గాలి లెక్కన చూస్తే, 8 కిలోల చిల్లరే. టైరు దిగబడలేదు కదా, నేల గట్టిదే అనుకుని జాకీ పెడితే, అదే నేల మీద మూడింతల ఒత్తిడి పెట్టినట్టు. వాన పడ్డ నల్లరేగడి సంగతి చెప్పనక్కర్లేదు. మే నెల ఎండకు మెత్తబడ్డ డాంబర్ రోడ్డు మీద కూడా జాకీ గుంట చేసుకుని ఒక పక్కకు ఒరుగుతుంది. ఒరిగిందంటే జారడానికి ఎంతోసేపు పట్టదు.

కింద 30 సెంటీమీటర్ల చదరం ఇనుప పలక వేస్తే అదే బరువు 6 కిలోల చిల్లరకు దిగుతుంది. పలక మందంగా ఉండాలి, పలచనిదైతే వంగిపోయి వేసీ లాభం లేదు. మందపాటి తుమ్మ చెక్క అయినా పర్వాలేదు, విరిగే ముందు కిర్రుమంటుంది. నాపరాయి, సిమెంటు ఇటుక మాత్రం వద్దు. అవి చెప్పకుండా పగులుతాయి.

ఇక రెండింటి సంగతి. గాలి జాకీ గొప్పతనం ఏమిటంటే, మనిషి పక్కన నిలబడి వాల్వు నొక్కితే చాలు, బండి లేస్తుంది. బాటిల్ జాకీకి రాడ్ పొట్టిదైతే మన భుజం లారీ బాడీ కిందికి పోతుంది. అందుకే పొడుగు రాడ్ ఉన్నదే కొనమంటాను. కాంక్రీటు నేల, కంప్రెసర్ ఉన్న షెడ్డులో గాలి జాకీకి సాటి లేదు. రోడ్డు మీద ఆ గాలి ఎక్కడిది? కొందరు లారీ ట్యాంకు నుంచే పైపు లాగుతారు. ట్యాంకులో గాలి అయిపోతే ఇంజన్ ఆన్ చేయాలి. వెనక చక్రం లేపి ఇంజన్ నడపడం నేనైతే ఒప్పుకోను.

కాబట్టి బండిలో ఉండాల్సింది బాటిల్ జాకీయే. నాలుగైదు లారీలున్న షెడ్డుకు గాలి జాకీ తీసుకోండి. ఒక్కదానికే డబ్బులుంటే బాటిల్ జాకీ కొని, మిగిలిన దాంతో పలక, ఎత్తిన బండి బరువు మోసే ఇనుప స్టాండ్లు ఒక జత తెచ్చుకోండి. బాటిల్ జాకీ ఎత్తు ఎక్కువై హౌసింగ్ (వెనక ఇరుసు ఇనుప గొట్టం) కిందికి దూరకపోతే మట్టి తవ్వకండి. జంట టైర్లలో బయటిది పంక్చరైతే లోపలి టైరును మందపాటి చెక్క మీదికి ఎక్కిస్తే చాలు, జాకీకి చోటు దొరుకుతుంది.

స్క్రూ జాకీ దానంతట అది దిగదు, కానీ లోడు బండికి తిప్పేసరికి చేతులు పడిపోతాయి. ట్రాలీ జాకీ కార్లకు సరే.

ఏ జాకీ అయినా 'గేరులో ఉంది కదా' అనే ధీమా పనికిరాదు. వెనక ఒక చక్రం గాల్లోకి లేచిందంటే డిఫరెన్షియల్ (రెండు పక్కల చక్రాలను వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు) వల్ల అది ఊరికే తిరుగుతుంది, గేరు బండిని పట్టుకోదు. హ్యాండ్ బ్రేక్ వేసి, నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టాలి.

బాటిల్ జాకీ అయినా గాలి జాకీ అయినా లోపల బరువు ఆపేది ఆయిల్ సీలే. అది పోతే రెండూ ఒకేలా కూలబడతాయి. బ్రేక్ లైనింగ్ పనికో, కమాన్ కట్టల పనికో కిందికి దూరేటట్లయితే ముందు హౌసింగ్ కింద స్టాండ్లు పెట్టి, జాకీ దించి, బరువు వాటి మీదికి రానివ్వాలి. మట్టి నేల అయితే స్టాండ్ కాళ్ల కింద కూడా పలక వేయండి, వాటి అడుగులు జాకీ అడుగు కంటే సన్నం.