కోట పక్కన స్థలానికి ఏ కంచె మేలు: ప్రహరీయా, నాపబండలా, గోరింటా?

గండికోటలోనో, సిద్ధవటం కోట పక్కనో, తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వర, చింతల వెంకటరమణ ఆలయాల చుట్టుపక్కల వీధుల్లోనో ఇల్లో ఖాళీ స్థలమో ఉన్నవారికి హద్దు కట్టించుకోవడం ఊరి బయట చేనికి కంచె వేయించినంత తేలికైన పని కాదు. ఇటుక ప్రహరీ, సిమెంటు పలకల గోడ, నాపబండల వరుస, రాతి కూసాలకు బిగించే ఇనుపతీగల జాలీ, గోరింట వంటి పచ్చ కంచె అనే ఐదు దారులు అందరికీ తెలిసినవే. వీటిలో ఏది మేలన్నది ముందు దూరాన్ని బట్టి తేలుతుంది. ధర, అందం, మన్నిక ఆ తరువాతి మాటలు.

1958 నాటి పురాతన కట్టడాల చట్టాన్ని 2010లో సవరించినప్పుడు, ఇలా కేంద్ర రక్షణలో ఉన్న కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతంగానూ, అక్కడి నుంచి మరో 200 మీటర్ల వరకు నియంత్రిత ప్రాంతంగానూ నిర్ణయించారు. ఈ దూరాన్ని రక్షిత హద్దు నుంచి లెక్కించాలి కనుక, గర్భగుడి నుంచో గోపురం నుంచో టేపు పట్టి తమ స్థలం బయటే ఉన్నదనుకునేవారు పొరబడతారు. నిషిద్ధ ప్రాంతంలో కొత్త నిర్మాణానికి వీలులేదు. 1992 జూన్ 16కు ముందు నుంచి ఉన్న కట్టడానికి మాత్రం అనుమతితో మరమ్మతు చేసుకోవచ్చు. నియంత్రిత ప్రాంతంలో కొత్త నిర్మాణానికీ దారి ఉంది గానీ, అధీకృత అధికారికి దరఖాస్తు పెట్టాలి. ఆయన 15 రోజుల్లో దానిని జాతీయ స్మారక ప్రాధికార సంస్థకు పంపాలి, ఆ సంస్థ 2 నెలల్లో తన సిఫారసు చెప్పాలి, ఆపై నెలలోగా అనుమతి ఇవ్వడమో నిరాకరించడమో జరగాలి. అనుమతి లేకుండా కడితే 2 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పంచాయతీలోనో మునిసిపాలిటీలోనో ప్లాను పాసు చేయించుకున్నామన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

ఇటుక ప్రహరీకి ఉన్న ఆకర్షణను కాదనలేము. ఆరడుగుల గోడ లేచిందంటే దారినపోయేవారి చూపు ఇంట్లో పడదు, ఎండాకాలపు దుమ్ము కొంత ఆగుతుంది, హద్దు తగాదా కూడా సద్దుమణుగుతుంది. అయితే పాత ఊరి నేలలో దానికి పునాది తీయడమే అసలు చిక్కు. శతాబ్దాల తరబడి మనుషులు కాపురమున్న మట్టిలో గడ్డపార దిగితే పాత పునాదిరాళ్లు, పెంకులు, ఒక్కోసారి నాణేలూ బయటపడవచ్చు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దొరికిన వస్తువు విలువ 10 రూపాయలు మించితే కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. గుప్తనిధుల పిచ్చి ఈ సీమలో ఎంతటిదో తెలిసినదే కనుక, కోట పక్కన రాత్రిపూట పునాది తవ్వితే ఊరంతా ఏమనుకుంటుందో వేరే చెప్పనక్కరలేదు. పైగా సిమెంటు పూసి రంగు వేసిన ఎత్తైన గోడ పక్కన పాత రాతికట్టు వెలవెలబోతుంది. నియంత్రిత ప్రాంతంలో అనుమతి దొరికినా ఈ గోడను నేను చివరి ఎంపికగానే చూస్తాను.

సిమెంటు పలకల గోడ ఒక్కరోజులో లేచి నిలబడుతుంది, ఖర్చూ తక్కువే. గోదాములకు, వెంచర్లకు సరిపోయే ఆ గోడను కోట ముందు ఊహించుకోవడమే కష్టం.

నాపబండ సంగతి వేరు. తాడిపత్రి, బేతంచెర్ల, జమ్మలమడుగు వైపు గనుల నుంచి వచ్చే ఈ సున్నపురాయి పొరలు పొరలుగా ఏర్పడినది కావడం వల్ల గనిలోనే పలకలుగా విడిపోతుంది. ఇంటి గచ్చుకు, మెట్లకు, అరుగులకు, పశువుల కొట్టానికి మన ఊళ్లలో వాడినదంతా ఇదే. ఆరడుగుల బండను అడుగున్నర లోతున నిలువునా నాటి, చుట్టూ మట్టి, రాళ్లు దట్టించి, అంచుకు అంచు చేర్చుకుంటూ పోతే నాలుగున్నర అడుగుల హద్దు ఏర్పడుతుంది. పొడవాటి పునాది అక్కరలేదు. రేపు వద్దనుకుంటే పెకలించి మరోచోట నాటుకోవచ్చు. గండికోట గోడల ఎర్రఛాయతో దీని నల్లని బూడిదరంగు కలవదన్నది నిజమే అయినా, సీమ ఊరికి ఇది కొత్త రంగు కాదు. పాలిష్ పట్టిన బండ మాత్రం వద్దు. ఎండకు మెరిసి కళ్లలో పొడుస్తుంది, గని నుంచి వచ్చిన గరుకు ముఖమే నయం. కొనేటప్పుడు ప్రతి బండనూ ఒక అంచున నిలబెట్టి సుత్తితో మెల్లగా తట్టించాలి: ఖంగుమని మోగితే లోపల గట్టిగా ఉన్నట్టు, డబ్బుమని మూగగా పలికితే పొరల మధ్య చీలిక ఉన్నట్టు. అలాంటి బండను నాటితే వాన నీరు ఆ చీలికలోకి దిగి పొర లేచిపోతుంది. గుంత తవ్వి నిలబెట్టినదే కనుక, ఇది నిర్మాణం కిందికి రాదని నిషిద్ధ ప్రాంతంలో వాదించి నెగ్గుదామనుకోవడం అమాయకత్వం.

రాతి కూసాలకు జాలీ బిగించడం నాపబండ కన్నా చవక, గాలికీ చూపుకీ అడ్డురాదు. కోటను చూడవచ్చినవారికి ఈ కంచె కనబడకుండా పోవడం మంచిదే గానీ, ఇంటివారికి మరుగు కావాలంటే ఉపయోగం లేదు. ముళ్లతీగ కన్నా జాలీ మేలు. మేకలు తీగల సందుల్లో దూరి గాయపడతాయి.

100 మీటర్ల లోపలివారికి, ముఖ్యంగా కోట గోడల లోపలే ఇళ్లున్న గండికోటవాసులకు, మిగిలేది పచ్చ కంచె. రక్షిత ప్రదేశంగా ప్రకటించిన నేలలో సేద్యానికి సైతం అడుగు లోతుకు మించి తవ్వకూడదన్న నియమం ఉంది. బండకూ కూసానికీ ఆ లోతు చాలదు, గోరింట కొమ్మకు చాలు. తొలకరికి కొమ్మలు నాటి, మేకల బారిన పడకుండా మొదట్లో చుట్టూ కంప వేసి, తరచూ కత్తిరిస్తూ ఉంటే గుబురుగా అల్లుకుంటుంది. ముదిరిన కొమ్మలకు ముళ్లూ వస్తాయి. నీరు బొత్తిగా లేనిచోట కిత్తనార నాటవచ్చు గానీ, దాని ఆకు కొన ముల్లు కంటి ఎత్తున ఉంటుంది కనుక పిల్లలు ఆడే వాకిలి దగ్గర వద్దు. సర్కారు తుమ్మను మాత్రం ఎవరు చెప్పినా నాటకూడదు. అది మన హద్దులో ఆగదు, దాని వేర్లు పాత గోడల సందుల్లోకి పాకుతాయి.

ఇప్పటికే మట్టితో కట్టిన పాత రాతిగోడ ఉన్నవారు వీటన్నిటికన్నా అదృష్టవంతులు. దానిని పడగొట్టి కొత్తది కడితే మరమ్మతు అనిపించుకోదు. జారిన రాళ్లను యథాస్థానంలో పేర్చి, సందులను మట్టితోనో సున్నంతోనో నింపితే అనిపించుకుంటుంది. ఇక్కడ సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక, ఉప్పు పొంగి రాయిని తినేస్తుంది. చాలని రాళ్ల కోసం కోట గోడ నుంచి రాలినవాటిని తెచ్చుకోవడం నేరమని వేరే చెప్పాలా!

నియంత్రిత ప్రాంతంలో స్థలమున్న సిద్ధవటం, తాడిపత్రి వాసులకు నా సలహా నాపబండే. దరఖాస్తులో రక్షిత హద్దు నుంచి దూరం, బండ ఎత్తు, నాటే లోతు, గేటు వెడల్పు స్పష్టంగా చూపించాలి. అనుమతి కాగితం చేతికి రాకముందు బండల లారీని వీధిలోకి రప్పించకూడదు. ఒకసారి దించిన బండలను వెనక్కు పంపాలంటే మళ్లీ కూలి పెట్టుకోవాలి.