పసిబిడ్డల ‘గూడు పరుపు’ కొనబోయేవారికి హెచ్చరిక

మన పట్టణంలో పురుడు పోసుకున్న ప్రతి ఇంటివారూ ఒకసారైనా మెట్లెక్కే ఆ గాజు తలుపుల పిల్లల దుకాణం ఏదో పేరు చెప్పకుండానే మీకు తెలుస్తుంది. అక్కడ ‘బేబీ నెస్ట్’ పేరుతో అమ్ముతున్న మెత్తటి గూడు పరుపును దయచేసి కొనవద్దు. ఇప్పటికే కొన్నవారు ఈ రాత్రి నుంచే బిడ్డను అందులో పడుకోబెట్టడం మానండి. కారణం తరువాత చదువుకోవచ్చు.

మా అమ్మాయికి సిజేరియన్ అయింది, రాత్రిళ్ళు పాలకు లేవలేకపోతోంది, అందుకని నేనే వెళ్ళి రూ. 2,650 పోసి దానిని తెచ్చాను. “మంచం మీద అమ్మాయి పక్కనే పెట్టుకోండి మామ్మగారూ, తల్లి ఇటు దొర్లినా అంచులు అడ్డం ఉంటాయి, రాత్రంతా నిశ్చింతగా ఉండవచ్చు” అని యజమాని స్వయంగా చెప్పాడు. తల గుండ్రంగా రావడానికి ఆవాల దిండు, బిల్లుతోపాటు ఉచితంగా ఒక పాలసీసా కూడా ఇచ్చాడు. ప్రశ్నపత్రం చివరిదాకా చదవందే కలం పట్టవద్దని బడిలో ఏళ్ళ తరబడి పిల్లలకు చెప్పిన పంతులమ్మను కదా, జిప్పు తీసి చూడవలసిన అవసరమే నాకు కనిపించలేదు!

తెల్లవారుజామున కరెంటు పోయి, ఉక్కకు మెలకువ వచ్చి చూస్తే, మనవడి ముఖం పక్కకు తిరిగి ముక్కు ఆ మెత్తటి అంచులో కూరుకుపోయి ఉంది. ఎత్తుకోగానే ఏడ్చాడు కనుక సరిపోయింది. ముక్కు ఆనిన చోట గుడ్డ ఊపిరి తగిలి చెమ్మగిల్లింది, అక్కడ వేలితో నొక్కితే రెండు కణుపుల లోతు దిగబడింది. తెల్లవారాక అమ్మాయి జిప్పు తీస్తే లోపలి కుట్టులో చిన్న చీటీ దొరికింది. దానిమీద చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాలతో, బిడ్డను నిద్రపుచ్చడానికి దీనిని వాడరాదనీ, పెద్దల మంచం మీద పెట్టరాదనీ రాసి ఉంది. ఆయన ఏ పనికని చెప్పి అమ్మాడో, సరిగ్గా ఆ పనికే పనికిరాదని తయారుచేసినవాడు రాసిపెట్టాడన్నమాట.

పరుపు తీసుకువెళ్ళి బల్ల మీద పెట్టి చీటీ చూపించాను. ఆయన దానివైపు కన్నెత్తి చూడలేదు. “అవన్నీ కేసులు రాకుండా కంపెనీవాళ్ళు రాసుకునేవి. అందరూ కొంటున్నారు, మీ ఒక్కరికే వచ్చిందా బాధ?” అన్నాడు. వాడిన సరుకు వెనక్కి తీసుకోనన్నాడు. డబ్బు పోతే పోయిందని నేను వెనుదిరగబోతుండగా, దుకాణంలో నలుగురూ వింటూ ఉండగానే, “రేపు మీ అమ్మాయే నిద్రమత్తులో బిడ్డ మీద పడితే అప్పుడు ఎవరి కొట్టుకెళ్ళి అడుగుతారు?” అని బిల్లుల పుస్తకం మూసేశాడు. ఆ మాటను మా అమ్మాయి ఫోనులో వింటూనే ఉంది. కుట్లు మానని బాలింత గురించి, ఆ బిడ్డ గురించి, నోటి నుంచి అంత సులువుగా రావలసిన మాటేనా అది?

ఆ రాత్రి నుంచి మా అమ్మాయి పక్క మీద పడుకుని పాలివ్వడం మానేసి, హాలులో సోఫాలో కూర్చుని ఇస్తూ అక్కడే కునికిపాట్లు పడసాగింది. పిల్లల డాక్టరుగారు ఈ సంగతి విని పరుపు కన్నా సోఫాకే ఎక్కువ కంగారుపడ్డారు. పాలిస్తూ నిద్రపట్టే అవకాశం ఉంటే సోఫా కంటే మంచమే తక్కువ ప్రమాదమని అమెరికా శిశువైద్యుల అకాడమీ 2022 సూచనల్లో ఉందట. బిడ్డకు తొలి ఆరు నెలలైనా తల్లి గదిలోనే వేరు పక్క ఉండాలని ఆ అకాడమీ అంటుంది. తల్లిపాల వైద్యుల అకాడమీ 2020లో, పాలిచ్చే తల్లి పక్కన బిడ్డ పడుకోవడమే ప్రమాదం కాదని, పొగ, మద్యం, మత్తు కలిగించే మందులు, నెలలు నిండకపోవడం, తక్కువ బరువు, మెత్తటి పక్క వంటివి తోడైనప్పుడే భయపడాలని చెప్పింది. ఆ విషయంలో వారికి భేదం ఉన్నా, బిడ్డ గట్టి, సమతలమైన పక్క మీద వెల్లకిలా పడుకోవాలని, ముఖం దగ్గర దిండూ మెత్తలూ ఉండరాదని ఇద్దరిదీ ఒకే మాట. ఆయన అమ్మినవి ఆ దిండూ ఆ మెత్తలే!

ఇది నా ఒక్కదాని గొడవ కాదు. అమెరికాలో 8 మంది శిశువుల మరణాల తరువాత, 2021 సెప్టెంబరులో, బాపీ కంపెనీవారి ఇటువంటి మెత్తలనే సుమారు 33 లక్షలు వెనక్కి రప్పించారు.

ఆ ఉచిత పాలసీసా సంగతి కూడా తెలుసుకోండి. పాలసీసాలను, డబ్బా పాలను నమూనాలుగా పంచిపెట్టడాన్ని మన దేశంలో 1992 నాటి చట్టమే నిషేధించింది.

ఇప్పుడు మా మనవడు నేలమీద చాప, దానిపై పలుచటి బొంత, పైన గొడుగు దోమతెరతో తల్లికి చేతికందే దూరంలో పడుకుంటున్నాడు. కుంగిన నవారు మంచమూ బూరుగుదూది పరుపూ కూడా వద్దన్నారు డాక్టరుగారు. మీరు ఏది కొన్నా దుకాణంలోనే జిప్పు తీసి చీటీ చదివించుకోండి. ఫిర్యాదుకు వినియోగదారుల హెల్ప్‌లైను 1915 ఉంది, నేను చేశాను. బిల్లు మీద వస్తువు పేరు కూడా రాయించుకోండి, నాకిచ్చిన దానిమీద ‘పిల్లల సామాను’ అని మాత్రమే ఉంది.