గుండె కండరానికి రక్తం ఎంత అందుతోంది: కాంట్రాస్ట్ లేని ఎంఆర్ఐలో ఏది మేలు?

కాంట్రాస్ట్ (బొమ్మలో తేడా కనిపించేలా రక్తంలోకి ఎక్కించే మందు) లేని స్కాన్ అనగానే సూది బాధ తప్పిందనుకుంటారు. తప్పదు. రక్తనాళం సన్నబడినా విశ్రాంతిలో కండరానికి సరిపడా రక్తం అందుతూనే ఉంటుంది. లోపం బయటపడాలంటే అడినోసిన్ ఎక్కించి నాళాలను విప్పార్చాలి: కిలో బరువుకు నిమిషానికి 140 మైక్రోగ్రాములు, కనీసం 3 నిమిషాలు. కెఫీన్ ఈ మందును పనిచేయనివ్వదు కాబట్టి ముందురోజు నుంచే కాఫీ, టీ మానాలి. ఉబ్బసం ఉంటే ముందే చెప్పాలి. తప్పేది కాంట్రాస్ట్ మందైన గాడోలినియం ఒక్కటే.

ఆ గాడోలినియం పద్ధతినే ముందు చూద్దాం. కిలోకు 0.05 నుంచి 0.1 మిల్లీమోల్ మందును సెకనుకు 3-4 మి.లీ. వేగంతో ఎక్కించి, వెంటనే సెలైన్ తోస్తారు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ సాధారణంగా మూడు అడ్డకోతల బొమ్మలు వస్తాయి. రక్తం అందని చోటు నల్లగా మిగిలిపోతుంది. ఏ నాళం పరిధిలో లోపమో తేల్చడానికి ఇప్పటికీ ఇదే గట్టిది.

కాంట్రాస్ట్ లేనివాటిలో రక్త ప్రవాహాన్ని నేరుగా కొలిచేది ఆర్టీరియల్ స్పిన్ లేబెలింగ్. ఇందులో రక్తంలోని నీరే గుర్తు. ఒకసారి ఆ కోతలోని అయస్కాంతీకరణను మాత్రమే తిప్పి, మరోసారి చుట్టుపక్కలంతా తిప్పి, రెండు బొమ్మల తేడా తీస్తారు. ఫలితం గ్రాముకు నిమిషానికి ఇన్ని మి.లీ. అని వస్తుంది. ఆరోగ్యవంతులలో విశ్రాంతిలో సుమారు 1, స్ట్రెస్‌లో (అడినోసిన్ ఎక్కినప్పుడు) దానికి మూడు నాలుగు రెట్లు. చిక్కల్లా ఆ తేడా మొత్తం సిగ్నల్‌లో కొద్ది శాతమే కావడం. ఊపిరి కాస్త కదిలినా రెండు బొమ్మలూ ఒకదానిపై ఒకటి కుదరవు. గుండె గదిలోని రక్తం కండరం అంచుకు అంటుకుని, లేని ప్రవాహాన్ని చూపిస్తుంది. అందుకే 10-12 సెకన్లు ఊపిరి బిగబట్టించి ఒక జత, అలా ఆరు జతల దాకా తీసి సగటు కడతారు. అన్నిసార్లు తీశాక చేతికొచ్చేది తరచూ ఒక్క కోతే. స్ట్రెస్‌లో గుండె వేగం పెరిగి బొమ్మ తీసే వ్యవధి తగ్గుతుంది. లయ తప్పిన గుండెకు ఇది వద్దు.

స్ట్రెస్ టీ1 మ్యాపింగ్ సులువు, కోతకు ఒక్కసారి ఊపిరి బిగబడితే చాలు. స్ట్రెస్‌లో కండరంలో రక్తం నిండి టీ1 విలువ (తిప్పిన అయస్కాంతీకరణ తిరిగి కుదురుకునే సమయం) ఆరోగ్యవంతులలో దాదాపు 6% పెరుగుతుంది. నాళం మూసుకుపోతున్న చోట చిన్న నాళాలు ముందే విప్పారి ఉంటాయి కాబట్టి పెరగడానికి పెద్దగా మిగలదు. అయితే ఇది ప్రవాహం లెక్క కాదు. పైగా గుండె వేగం పెరిగితే కొన్ని సీక్వెన్స్‌లలో (యంత్రం బొమ్మ తీసే క్రమాలలో) టీ1 విలువే తప్పుతుంది. ఒక యంత్రం అంకెలను మరో యంత్రంతో పోల్చకూడదు.

మరో కాంట్రాస్ట్ లేని పద్ధతి బోల్డ్; అది చూపేది రక్తంలోని ఆక్సిజన్‌ను. ఊపిరితిత్తుల పక్కనున్న గోడలో అయస్కాంత క్షేత్రం చెదిరి బొమ్మ పాడవుతుంది. ఇంకో పద్ధతిలో, కరోనరీ సైనస్‌లో (గుండె కండరం నుంచి రక్తం తిరిగొచ్చే సిరలో) ప్రవాహాన్ని కొలిచి ఎడమ జఠరిక బరువుతో భాగిస్తే గుండె మొత్తానికి సగటు వస్తుంది. చిన్న నాళాల జబ్బు అనుమానమైతే ఇది పనికొస్తుంది కానీ, లోపం ఎక్కడో చెప్పదు.

ఉద్దానం లాంటి చోట్ల కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు గాడోలినియం పేరెత్తితేనే భయం. కిడ్నీలు పాడైనవాళ్లలో అది చర్మం గట్టిపడే జబ్బు తెస్తుందన్న ఆ భయం ఎక్కువగా గాడోలినియాన్ని వదులుగా పట్టుకునే పాత లీనియర్ మందుల వల్ల వచ్చింది. గాడోలినియాన్ని గట్టిగా పట్టి ఉంచే ఇప్పటి మాక్రోసైక్లిక్ మందులతో ఆ జబ్బు చాలా అరుదు. అందుకే మొదటిసారి నిర్ధారణకు, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం) 30 కంటే తక్కువున్నా, డాక్టర్ లాభనష్టాలు చూసి అలాంటి మందు వాడితేనే మంచిది. మళ్లీ మళ్లీ చూడాల్సివస్తే అదే యంత్రంపై టీ1 మ్యాపింగ్. స్పిన్ లేబెలింగ్‌ను మాత్రం సీక్వెన్స్ సరిచేయగల భౌతిక శాస్త్రవేత్త అందుబాటులో ఉన్న కేంద్రానికే వదిలేయాలి.